మంచు మీద మూడు గీతలు

పిల్లలూ, ముక్కాలిపీటను ఎప్పుడైనా పరీక్షగా చూశారా? నాలుగు కాళ్ళ బల్లను ఎగుడుదిగుడు నేల మీద వేస్తే టకటకా ఊగుతుంది. అమ్మ దాని కాలి కింద కాగితం మడత పెడుతుంది. నాన్న చెక్కముక్క పెడతాడు. అయినా అది ఊగుతూనే ఉంటుంది. ముక్కాలిపీటకు ఈ గొడవ లేదు. దాన్ని వాకిట్లో వేయండి, పొలంగట్టు మీద వేయండి, మూడు కాళ్ళూ నేలకు ఆని నిలుస్తాయి. ఈ సంగతి కాస్త జ్ఞాపకం ఉంచుకోండి. మంచుకొండలున్న దేశాలలో, ఒక కాలు పోయినవారు కొండ మీదినుంచి గాలిలా జారి రావటానికి మొట్టమొదట ఆధారమైనది ఈ పీట కిటుకే.

మన వైపు మంచు అంటే తెల్లవారుజామున గడ్డిపరకల మీద మెరిసే బొట్లు. చలి బాగా ముదిరిన ఏడాది లంబసింగిలో గడ్డి మీద తెల్లటి పొర కనిపిస్తే, అది చూడటానికి జనం బండ్లు కట్టుకుని పోతారు. నార్వే, ఆస్ట్రియా వంటి దేశాలలో అలా కాదు. అక్కడ చలికాలమంతా కొండలూ లోయలూ తెల్లగా కప్పుకుపోయి ఉంటాయి. అందులో అడుగు వేస్తే మోకాలిదాకా కూరుకుపోతుంది. అందుకని నార్వేవాళ్ళు వేల ఏళ్ళ కిందటే పొడుగాటి చెక్కలు పాదాలకు కట్టుకుని మంచు మీద తిరగటం నేర్చారు. ఆ చెక్కలే స్కీలు. నార్వేవారి పాతభాషలో ఆ మాటకు చీల్చిన చెక్క అనే అర్థం.

చెక్క పొడుగ్గా ఉంటే మనిషి బరువు ఎక్కువ చోటుకు పరుచుకుంటుంది. అందువల్ల కాలు దిగబడదు. పైగా మంచుగడ్డ పైపొరలోని అణువులు లోపలివాటిలా గట్టిగా పట్టుకుని ఉండవు, కాస్త వదులుగా ఉంటాయి. స్కీ వాటి మీద రాసుకున్నప్పుడు కొద్దిగా వేడి పుట్టి, పొర ఇంకా జారుడవుతుంది. కొండవాలు ఉంటే ఇక చెప్పేదేమున్నది? జారటానికి మనం చేయవలసిన పనేమీ లేదు, భూమి ఆకర్షణే లాక్కుపోతుంది. ఆగటానికీ తిరగటానికే విద్య కావాలి. ఇప్పటి స్కీకి రెండు పక్కలా ఉక్కు అంచులుంటాయి. నడుము దగ్గర అది కొంచెం సన్నగా ఉంటుంది. దాన్ని ఒక పక్కకు వాల్చితే అంచు మంచులో దిగుతుంది, స్కీ విల్లులా వంగుతుంది, మనిషి వంపు తిరుగుతాడు. కుడికి వాల్చితే కుడికి, ఎడమకు వాల్చితే ఎడమకు.

ఇప్పుడు ఆలోచించండి. తిరగటానికి ఒక్క స్కీ చాలు. మరి ఒంటికాలివాడికి వచ్చిన కష్టమేమిటి? నిలవటం! రెండు స్కీలవాడు తూలితే రెండో కాలు మీద బరువు వేసి సర్దుకుంటాడు. ఒంటి స్కీవాడికి ఆ రెండో ఆసరా లేదు. అంటే అతనికి కావలసినది ఇంకొక కాలు కాదు, ఇంకొక ఆసరా. ఈ రెండింటికీ ఉన్న తేడా కనిపెట్టటానికి ఒక పెద్ద యుద్ధం అవసరమైంది.

రెండవ ప్రపంచయుద్ధంలో వేలాదిమంది పడుచువాళ్ళు కాళ్ళు పోగొట్టుకుని ఇళ్ళకు చేరారు. జర్మనీకి, ఆస్ట్రియాకు చెందిన ఇలాంటివారిలో చాలామంది కొండల్లో పుట్టి, నడక వచ్చిన కొద్దికాలానికే స్కీలు ఎక్కినవాళ్ళు. కిటికీలోంచి రోజూ ఆ కొండే కనిపిస్తుంది. తోటివాళ్ళు జారుతూ ఉంటారు. జర్మనీలో ఫ్రాంజ్ వెండెల్ అనే ఆయనకు ఒక కాలు పోయింది. 1942లో ఆయన తన ఊతకర్రల అడుగున రెండు పొట్టి స్కీలు బిగించుకుని స్కీ పందెంలో పాల్గొన్నాడు. కాలికి ఒక స్కీ, చేతికర్రలకు రెండు బుల్లి స్కీలు, మొత్తం మూడు. ఆయన దారిలో మంచు మీద మూడు గీతలు పడతాయి. అందుకే ఈ పద్ధతికి ఇంగ్లీషులో త్రీ ట్రాక్ అని పేరు. మన ముక్కాలిపీట ఇదే కదా!

ఆ పొట్టి స్కీల కర్రలను అవుట్‌రిగ్గర్లు అంటారు. ఇది పడవవాళ్ళ మాట. నికోబారు దీవులలో హోడీ అనే సన్నని పడవలున్నాయి. అలలకు పల్టీ కొట్టకుండా వాటి పక్కన, కొంచెం దూరంగా, ఒక దుంగను కట్టుతారు. ఆ పక్కదుంగే అవుట్‌రిగ్గరు. మంచు మీద మనిషికి పనికివచ్చేదీ అటువంటిదే.

ఈ కర్రలో ఒక చిన్న చమత్కారం ఉన్నది. కొండ దిగేటప్పుడు బుల్లి స్కీ నేలకు బల్లపరుపుగా ఉండాలి, జారాలి. కానీ నడవాలంటే, లేక గట్టు ఎక్కాలంటే, జారితే ఎలా? అందుకని పిడి దగ్గర ఒక తాడు పెట్టారు. అది లాగితే బుల్లి స్కీ మడతపడి నిటారుగా నిలుస్తుంది, దాని వెనకకొనన ఉన్న పళ్ళు మంచులో దిగుతాయి. ఇప్పుడది మామూలు ఊతకర్ర. మళ్ళీ తాడు లాగి వదిలితే స్కీ! కర్ర పైభాగం మోచేతి కింద పట్టాలా చుట్టుకుని ఉంటుంది కాబట్టి చెయ్యి అలిసిపోదు.

మీరు ఇంటిలోనే ఒక పరీక్ష చేయవచ్చు. పెద్దవాళ్ళను పక్కన ఉండమనండి. బల్ల దగ్గర ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకోండి. నాలుగైదు లెక్కపెట్టేలోగా ఊగిపోతారు. ఇప్పుడు ఒక్క వేలికొనను బల్లకు తగిలించి మళ్ళీ నిలబడండి. బరువు వేయవద్దు, ఊరికే తగిలించాలి. ఎంత తేడా ఉన్నదో చూశారా? వేలు మిమ్మల్ని మోయటం లేదు. మీరు ఎటు ఒరుగుతున్నారో మెదడుకు కబురు చెబుతున్నది, అంతే. అవుట్‌రిగ్గర్లు చేసే పనిలో సగం ఇదే. కొత్తగా నేర్చుకునేవాడు వాటిమీద భారం వేసి వంగి దిగుతాడు, సాయంత్రానికి భుజాలు నొప్పి పెడతాయి. బాగా నేర్చినవాడు వాటిని పిల్లిమీసాల్లా మంచుకు తాకిస్తూ పోతాడు. బరువంతా ఉన్న ఒక్క కాలి మీదనే.

ఆస్ట్రియాలో సెప్ త్స్విక్‌నాగ్ల్ అని ఇంకొక ఆయన ఉండేవాడు. (పేరు పలకటం మన నాలుకకు కష్టమే!) చేతిబాంబు పేలి ఆయనకు రెండు కాళ్ళూ పోయాయి. ఆయన కృత్రిమమైన కాళ్ళు పెట్టుకుని తనంతట తాను స్కీ నేర్చి, కిట్స్‌బ్యూల్ అనే ఊళ్ళో ఇతరులకు స్కీ నేర్పే గురువయ్యాడు. ఇలాంటివారి పట్టుదల వల్ల 1948లో బాడ్‌గాస్టైన్ అనే ఊళ్ళో అంగవైకల్యం ఉన్నవారికి స్కీ పోటీలు జరిగాయి. పాల్గొన్నవారు 17 మంది.

ఇంతవరకు మనం చెప్పుకున్నది ముందే స్కీ తెలిసిన పెద్దవాళ్ళ సంగతి. ఎన్నడూ మంచు మీద నిలబడని పిల్లవాడికి, పుట్టుకతోనే కాలు సరిగా లేని పాపకు నేర్పటం ఎలా? ఇది వేరే చిక్కు. పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చుకోవటం ఒకటి, అసలు లేనిదాన్ని సంపాదించటం ఇంకొకటి.

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో రాకీ పర్వతాల మీద వింటర్ పార్క్ అనే చోటున్నది. 1970లో, డెన్వర్ నగరంలోని పిల్లల ఆసుపత్రి నుంచి అవయవాలు పోయిన 23 మంది పిల్లలు అక్కడికి వచ్చారు. వాళ్ళకు పాఠం చెబుతానని హాల్ ఓలియరీ అనే స్కీ గురువు ముందుకు వచ్చాడు. అది ఒక్కసారితో అయిపోయే పాఠమని అందరూ అనుకున్నారు. కానీ ఆగలేదు. ఆ పాఠమే పెరిగి పెద్ద సంస్థ అయింది. నేషనల్ స్పోర్ట్స్ సెంటర్ ఫర్ ది డిసేబుల్డ్ అని దాని పేరు. ఓలియరీ తరువాత ఈ విద్యను గురించి పుస్తకం కూడా రాశాడు.

ఇటువంటి గురువు చేసే మొదటి పని ఏమిటో తెలుసా? స్కీ తొడగటం కాదు, ప్రశ్నలు అడగటం. నీకు ఏమి లేదు అని అడగడు, అది కనిపిస్తూనే ఉన్నది. మంచం మీదినుంచి చక్రాల కుర్చీలోకి ఎలా మారతావు? చేతులతో నిన్ను నీవు ఎత్తుకోగలవా? చెయ్యి చాస్తే పక్కకు పడిపోతావా? ఏ చోట స్పర్శ తెలియదు? ఏ మందులు వాడుతున్నావు? ఈ జవాబులను బట్టి ఏ సాధనం ఇవ్వాలో నిర్ణయిస్తాడు. ఒకే జబ్బున్న ఇద్దరికి రెండు వేరువేరు సాధనాలు కుదరవచ్చు.

ఈ గురువులు తమ చదువులో భాగంగా ఒక స్కీ విప్పేసి, ఆ కాలు ఎత్తి పట్టుకుని, ఒంటికాలితో అవుట్‌రిగ్గర్ల మీద కొండ దిగుతారు. కుర్చీస్కీలో నడుముకు పట్టీలు బిగించుకుని దిగుతారు. కళ్ళకు గంతలు కట్టుకుని దిగుతారు. పడతారు కూడా! అప్పుడు తెలుస్తుంది, శిష్యుడి ఏ కండరం ముందు అలిసిపోతుందో, ఏ మాట ఎంత ముందుగా చెప్పాలో. నా మట్టుకు నాకు, ఈ కొత్త సాధనాలన్నింటికన్నా గురువులు పడే ఈ పాట్లే గొప్పగా తోస్తాయి.

రెండు కాళ్ళూ ఉండి, వాటిమీద అదుపు లేనివారుంటారు. మెదడుకు దెబ్బ తగలటం వల్ల పుట్టుకనుంచే కండరాలు బిగుసుకుపోయే పిల్లలను మీరు చూసే ఉంటారు. స్కీ మీద వాళ్ళ కాళ్ళు ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు పోతాయి. దీనికి ఉపాయం చాలా చిన్నది. రెండు స్కీల ముక్కులనూ ఒక బిగింపుతో కలిపివేస్తారు. ముక్కులు విడిపోవు, మడమలు మాత్రం కావలసినంత ఎడమవుతాయి. పైగా చేతికి రెండు అవుట్‌రిగ్గర్లు. ఇది నాలుగు గీతల పద్ధతి. బిగింపు పెద్ద యంత్రమేమీ కాదు, అరచేతిలో ఇమిడే వస్తువు.

చెయ్యి లేనివారి సంగతి? స్కీకి చేతికర్రలు సాయమే కాని ప్రాణం కాదు. జర్మనీవాడైన గెర్డ్ షోన్‌ఫెల్డర్‌కు 1989లో రైలు ప్రమాదంలో కుడిచెయ్యి పోయింది. ఆయన కర్రలు లేకుండానే కొండలు దిగి, 2010 నాటికి పారాలింపిక్ ఆటలలో 16 బంగారు పతకాలు గెలిచాడు.

ఇక అసలు నిలబడలేనివారు. వెన్నుపాము దెబ్బతిన్నవారికి నడుము కిందినుంచి కాళ్ళు వశంలో ఉండవు. వీరికి ముక్కాలిపీట కిటుకు ఒక్కటే చాలదు, కూర్చోవటానికి చోటు కూడా కావాలి. మొదట్లో వీరికోసం వచ్చినవి దోనెలాంటి బండ్లు. మనిషి అందులో నేలబారుగా కూర్చుని, పొట్టి కర్రలతో తోసుకుంటూ పోయేవాడు. అమెరికాలో పీటర్ ఆక్సెల్‌సన్ అనే యువకుడు వైమానిక దళ విద్యార్థిగా ఉండగా, 1975లో కొండ ఎక్కుతూ పడి నడక పోగొట్టుకున్నాడు. తరువాత ఇంజనీరింగు చదివి, ఇటువంటి బండిని తానే రూపొందించాడు. దానికి అరోయా అని పేరు.

కానీ నేలబారు బండిలో ఒక లోపమున్నది. స్కీ తిరగాలంటే అంచు మీదికి వాలాలని చెప్పుకున్నాం కదా. దోనె పొట్ట వెడల్పు, దాన్ని వాల్చటం కష్టం. అందువల్ల దాని తరువాత వచ్చిన సాధనంలో ఆసనాన్ని పైకి ఎత్తి, కింద ఒకే ఒక్క స్కీ పెట్టారు. ఇదే మోనోస్కీ. ఆసనానికీ స్కీకీ మధ్య మోటారుసైకిలుకు ఉండేటటువంటి షాక్ అబ్జార్బరు ఉంటుంది. మామూలువాడు మోకాళ్ళు వంచి గతుకులు తట్టుకుంటాడు, ఇక్కడ ఆ పని స్ప్రింగు చేస్తుంది. చట్రం అడుగుభాగం అచ్చు స్కీబూటు ఆకారంలో ఉంటుంది. అది ఏ మామూలు స్కీకైనా టక్కున బిగుసుకుంటుంది. రెండు చేతులలో పొట్టి అవుట్‌రిగ్గర్లు. మళ్ళీ మంచు మీద మూడు గీతలే!

ఆసనం దొన్నెలా ఉండి ఒంటికి అతుక్కుపోవాలి. వదులు చెప్పులతో పరుగెత్తితే ఏమవుతుందో మీకు తెలుసు. ఇదీ అంతే. నడుము ఒరిగితే స్కీ ఒరగాలి, మధ్యలో సందు ఉంటే ఒంటి కదలిక స్కీకి చేరదు. అయితే బిగుతు ఎక్కువైనా ప్రమాదమే. ఇందులో పెద్దలు గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. వెన్నుపాము దెబ్బతిన్నవారికి కాళ్ళలో స్పర్శ ఉండదు. మన వేళ్ళకు చలి ఎక్కితే మంట పుట్టి, ఇంటికి పదమని చెబుతుంది. వారికి ఆ హెచ్చరిక రాదు. వేళ్ళు గడ్డకట్టి చర్మం చచ్చుబడుతున్నా తెలియదు. ఆసనం ఒరుసుకుని పుండు పడినా తెలియదు. అందుకని మధ్యమధ్య ఆగి, లోపలికి పోయి, మేజోళ్ళు విప్పి పాదాలు చూసుకోవలసిందే. ఆట ఎంత మజాగా ఉన్నా సరే.

కొండ దిగటం సరే, ఎక్కటం ఎలా? స్కీ కొండల మీద ఆగకుండా తిరిగే ఉక్కుతాటికి కుర్చీలు వేలాడుతుంటాయి. రోప్‌వే ఎక్కినవారు దీన్ని ఊహించుకోగలరు. కాకపోతే ఇది ఆగదు, కదులుతూండగానే ఎక్కి కూర్చోవాలి. మోనోస్కీ మనిషి ఆ కుర్చీ దారిలోకి వచ్చి, ఒక మీట లాగుతాడు. ఆసనం లేస్తుంది. సరిగ్గా కుర్చీ వెనకనుంచి వచ్చే క్షణాన అవుట్‌రిగ్గర్లతో ఒక్క ఊపు ఊపి ఒళ్ళు పైకెత్తుతాడు. కుర్చీ అతన్ని కిందినుంచి ఎత్తుకుపోతుంది. కొత్తలో ఇద్దరు పక్కనుండి పట్టుకుంటారు. నడుముకు ఒక రక్షణపట్టీ కూడా ఉంటుంది. ఒకవేళ యంత్రం మధ్యలో ఆగిపోతే తాటితో కిందికి దించటానికి ఆధారం అదే.

ఈ సాధనాలకు ఖర్చు లేదనుకోకండి. ఒక మోనోస్కీ ధర కొన్నివేల డాలర్లు. పిల్లలు ఎదుగుతారు, ఆసనం ఇరుకవుతుంది. ఏటేటా ఇంత డబ్బు పెట్టగల తండ్రులెందరు? అందుచేత సంఘాలవాళ్ళు రకరకాల కొలతలలో సాధనాలు ఉంచి, పాఠంతోబాటు వాడుకోనిస్తారు. నేర్పేవారిలో చాలామంది జీతం తీసుకోకుండా వచ్చేవారే. అవి లేని ఊళ్ళో పుట్టిన పిల్లవాడికి మాత్రం, కొండ కళ్ళెదుట ఉన్నా అది బొమ్మలో కొండే.

పోటీలలోనూ వీరికి చోటు ఆలస్యంగానే దొరికింది. మొదటి చలికాలపు పారాలింపిక్ ఆటలు 1976లో స్వీడన్ దేశంలోని ఓర్న్‌షోల్డ్‌స్విక్‌లో జరిగాయి. వాటికి 16 దేశాలవారు వచ్చారు. అందులో స్కీ పందెం కాళ్ళో చేతులో పోయినవారికీ, చూపు లేనివారికీ మాత్రమే. కూర్చుని స్కీ చేసేవారి పందేలు 1988లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో గాని మొదలుకాలేదు. ఆ ఏడే నార్వే దేశపు రాగ్న్‌హిల్డ్ మ్యూక్లెబుస్ట్ అనే ఆమె మొదటిసారి పోటీకి దిగింది. ఆమెకు పోలియో. అప్పటికి ఆమె వయసు నలభై దాటింది. 2002 వరకు ఐదు పారాలింపిక్ ఆటలలో ఆమె గెలిచిన బంగారు పతకాలు 22!

మీలో ఎవరో ఒకరు ఈపాటికి అడగాలనుకుంటూ ఉంటారు: ఒంటికాలివాడికీ ఒంటిచేతివాడికీ ఒకే పందెం పెడితే అన్యాయం కాదా? అన్యాయమే. అందుకని గడియారంలోనే సర్దుబాటు చేశారు. ఒక్కొక్క తరగతివారికి ఒక్కొక్క శాతం ఉంటుంది. ఉదాహరణకు ఒకరి శాతం 80 అనుకోండి. వారు 100 సెకన్లలో కొండ దిగితే లెక్కలో 80 సెకన్లని రాస్తారు. శాతం 90 ఉన్నవారు 92 సెకన్లలో దిగితే ఎంత? మీరే గుణించి చూడండి. ముందు దిగినవారే గెలిచినవారు కాకపోవచ్చునన్నమాట.

చూపు లేనివారి సంగతి చివరకు దాచాను. మీకు ఇదే అన్నింటికన్నా వింతగా ఉంటుందని నా నమ్మకం. కొండ మీదినుంచి కళ్ళు కనిపించకుండా జారటమా?

నార్వేలో ఎర్లింగ్ స్టోర్డాల్ అనే అంధ గాయకుడుండేవాడు. చూపు లేనివాడు ఇంట్లో మూల కూర్చోవాలన్న మాట ఆయనకు గిట్టదు. ఆయన 1964లో బైటోస్టోలెన్ అనే చోట రిడ్డర్‌రెన్నె అనే స్కీ పరుగు ప్రారంభించాడు. ఇది కొండ దిగే పందెం కాదు, మైదానాలలో, మిట్టపల్లాలలో సాగే దూరపు స్కీ. ఇందులో మంచును నొక్కి రెండు కాలువల్లా గాడి చేస్తారు. స్కీలు ఆ గాడిలో పెడితే బండిచక్రాలు బాటలో పడినట్టే, దారి తప్పవు. పక్కన ఇంకొక జత గాడిలో చూపున్న తోడుమనిషి వస్తూ, ముందు ఎత్తున్నదనీ, వంపున్నదనీ చెబుతూ ఉంటాడు. ఓలావ్ పెడర్సెన్ అనే నార్వేవాడు ఈ పద్ధతిని 1975లో అమెరికాకు తీసుకుపోయాడు. అక్కడ దాని పేరు స్కీ ఫర్ లైట్.

కొండ దిగటంలో గాడి ఉండదు. అక్కడ చెవే కన్ను. మొదటి పాఠంలో గురువు శిష్యుడిచేత స్కీలను కొననుంచి కొనదాకా తడిమిస్తాడు. వాలు మీద నడిపిస్తాడు. ఎటు పల్లమో పాదాలకు తెలియాలి గదా! తరువాత ఒక పొడుగాటి బొంగు తీసుకుని, ఇద్దరూ పక్కపక్కన దాన్ని అడ్డంగా పట్టుకుని నెమ్మదిగా జారతారు. బొంగు కదలిక వల్ల శిష్యుడికి మలుపు ఎప్పుడో చేతులకే తెలుస్తుంది. కొన్నాళ్ళకు బొంగు పోతుంది, మాట మిగులుతుంది. పందేలలో తోడుమనిషి ముందు పోతూ, ఒంటికి కట్టుకున్న రేడియో ద్వారా ఎడతెగకుండా చెబుతూనే ఉంటాడు. తోడు మరీ ముందుకు పోతే మాట పనికిరాదు. వెనకబడితే ఢీకొంటారు. ఇద్దరి వేగమూ ఒకటి కావాలి. వేగపు పందేలలో ఇది గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది.

గెలిస్తే పతకం ఇద్దరికీ ఇస్తారు. 2022లో చైనాలో జరిగిన ఆటలలో ఆస్ట్రియా అమ్మాయి వెరోనికా ఐగ్నర్ రెండు బంగారు పతకాలు గెలిచింది. ఆమెకు ముందు పోతూ దారి చెప్పింది సొంత అక్క ఎలిజబెత్. ఇంట్లో అక్క మాట వినని చెల్లెళ్ళు ఈ సంగతి చదవవద్దు!

తుపాకీతో గురి చూసే పందెం కూడా ఉన్నది. చూపు లేనివారు గురి ఎలా చూస్తారు? చెవులకు శబ్దం వినిపించే పరికరం తగిలిస్తారు. తుపాకీ గొట్టం గురికి దగ్గరవుతున్న కొద్దీ ఆ కూత సన్నగా, ఎత్తుగా మారుతుంది. శ్రుతి పైకిపోయి నిలిచిన చోట మీట నొక్కాలి. వీణకు శ్రుతి చేసేవారికి ఈ పని మనకన్నా సులువుగా రావచ్చు.

ఇంకొక్క సాధనం మిగిలింది. చేతులలో కూడా బలం చాలనివారికోసం అది. ఆసనం బాగా కిందికి ఉండి, దాని అడుగున ఒకటి కాదు, రెండు స్కీలుంటాయి. దాని పేరు బైస్కీ. కూజాకన్నా వెడల్పాటి బిందె కుదురుగా ఉన్నట్టు, ఇది తొందరగా ఒరిగిపోదు. ఆసనం వెనకనుంచి రెండు పొడుగాటి పట్టీలు గురువు చేతికి ఉంటాయి. శిష్యుడు తల కొద్దిగా కుడికి వాల్చితే బైస్కీ కుడికి తిరుగుతుంది. గురువు వెనక జారుతూ, వేగం ఎక్కువైతే పట్టీ బిగించి ఆపుతాడు.

మొదటిరోజు పట్టీలు బిగుతుగా ఉంటాయి. మలుపు మలుపుకూ గురువు లాగి తిప్పుతాడు. కొన్ని రోజులకు మలుపు మొదలుపెట్టేది శిష్యుడే, ముగించేది గురువు. ఆ తరువాత పట్టీలు వదులుగా వేలాడుతుంటాయి. శిష్యుడికి ఆ సంగతి చాలాసేపు తెలియదు, ఇంకా వెనకనుంచే తిప్పుతున్నారనుకుంటాడు. కొందరికి పట్టీలు ఎప్పటికీ ఉండవలసిందే, దానికీ గురువు విసుక్కోడు. కొందరి విషయంలో మాత్రం ఒకనాడు కొండ కొనన ఆగి, కొక్కేలు విప్పి, పట్టీలు చుట్ట చుట్టి సంచీలో వేసుకుంటాడు. వేసుకుని, వెనక కాకుండా పక్కకు వచ్చి నిలబడతాడు. ఇద్దరూ దిగటం మొదలుపెడతారు.